మా మేడమ్ ఎవరి స్టూడెంట్

మా మేడమ్ పోయారన్న కబురు నాకు బెంగళూరు నుంచి వచ్చింది. ఆమె ఇల్లు అనంతపురంలోనే, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఆ రోజు పొద్దున నేను సంచి తగిలించుకుని యూనివర్సిటీకి బయలుదేరుతుంటే నస్రీన్ ఫోన్ చేసింది. "శైలా, మేడమ్ పోయినారే," అంది. కాఫీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడిపోయారట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట.

నేను అడిగిన మొదటి మాట, "నీకెవరు చెప్పినారు?" అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మేడమ్ భర్త ఎప్పుడో పోయారు. తమ్ముడి కుటుంబంతో కలిసి ఉండేవారు. ఆ తమ్ముడు కంగారులో అక్క ఫోన్ తీసి చూస్తే "మా గైడు" అన్న పేరు ముందు కనిపించిందట. ఆ నంబరు నస్రీన్‌ది. నా నంబరు "శైల ధర్మవరం" అని ఎక్కడో కింద ఉంది. చెప్పుల్లో కాళ్లు దూర్చి పరుగున వాళ్లింటికి పోతూ కూడా, నాకంటే ముందు అంత దూరాన ఉన్న నస్రీన్‌కు తెలిసిందే అని గుండెలో ముల్లు కదులుతూనే ఉంది. ఇలాంటి సమయంలో ఇలాంటి ఆలోచన ఏమిటని మీకు అనిపించవచ్చు. మేడమ్‌కు మాత్రం అనిపించేది కాదు. కుళ్లు గురించి ఆమెకు తెలిసినంత మరెవరికీ తెలియదు.

ఆమె మాకు డిగ్రీలో బాటనీ చెప్పారు. ఊళ్లో ఓ చిన్న కాలేజీ. నేను ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. మా ఇంట్లో అందరూ మగ్గం మీదివాళ్లే. నస్రీన్‌ది కదిరి దగ్గర నల్లమాడ. వాళ్ల నాయన బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఆమె హాస్టల్లో ఉండేది. మేడమ్ సొంత ఊరు కంబదూరు. వానను నమ్ముకుని బుడ్డలు, అదే వేరుశనగ, విత్తే ఇంట్లో పుట్టారు. క్లాసుకు వచ్చేటప్పుడు ఆమె చేతిసంచిలో ఎప్పుడూ వేయించిన బుడ్డలు ఉండేవి. పాఠం మధ్యలో ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకునేవారు, ఎవరైనా సరైన జవాబు చెబితే ఒకటి వాళ్లకూ ఇచ్చేవారు.

పరిశోధనకు సంబంధించిన ప్రకటన ఏది వచ్చినా మేడమ్ దాన్ని ప్రింట్ తీయించి నోటీసు బోర్డుకు అంటించేవారు. పీహెచ్‌డీ ప్రవేశాలు, ప్రాజెక్టు ఫెలో ఉద్యోగాలు, వేసవి శిక్షణలు, ఏదీ వదిలేవారు కాదు. అంటించే ముందు క్లాసులో చదివి వినిపించేవారు. అందరూ ముందు జీతం ఎంత, ఊరేది అని చూస్తారు. ఆమె వయోపరిమితి దగ్గర మొదలుపెట్టేవారు. చదివి, కళ్లజోడు తీసి, ఏ దాపరికమూ లేకుండా, "మీ మీద నాకు కుళ్లుగా ఉండాది," అనేవారు.

మొదటిసారి విన్నప్పుడు మేమంతా నవ్వాం. ఆమె నవ్వలేదు. తాను ఎమ్మెస్సీ అయిన ఏడాది హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చిందనీ, చేరాల్సిన వారంలోనే వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చి పడిపోయాడనీ, మంచం దగ్గర మనిషి కావాల్సి వచ్చిందనీ చెప్పారు. ఎవరూ వద్దనలేదు, తనకే కాళ్లు కదల్లేదు. ఆయన లేచి నడిచేసరికి ఆ సీటులో ఇంకొకరు చేరిపోయారు. ఆ తర్వాత ఈ కాలేజీ. ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పి, మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయారు. పరీక్షకు పోయేవాళ్లకూ ఇంటర్వ్యూకు పోయేవాళ్లకూ ఆమె దీవెన ఒకటే, "పోండి, నా కుళ్లు మీ వెంట ఉంటాది." ఆ మాట వినకుండా పోతే మాకు ధైర్యం చాలేది కాదు.

బయోఇన్ఫర్మాటిక్స్ అన్న పేరు మేము మొదట విన్నది ఆమె నోటే. మా ల్యాబులో ఉన్న సూక్ష్మదర్శినుల్లో సగం పనిచేసేవి కావు. రసాయనాలు ఎప్పుడూ అయిపోయి ఉండేవి. ఒక మూలన కంప్యూటర్ ఒకటి ఉండేది. ఒకరోజు మేడమ్ దాని ముందు కూర్చుని, ప్రపంచంలో ఎవరెవరో చదివిపెట్టిన మొక్కల జన్యుక్రమాలు అందరికీ ఉచితంగా దొరికే చోటు తెరిచి చూపించారు. తెర నిండా నాలుగే అక్షరాలు, మళ్లీ మళ్లీ, తెగకుండా పోతున్నాయి. వేరుశనగలో ఒక ముక్క తీసుకుని సోయాచిక్కుడులో దాని జోడు ఎక్కడుందో వెతికించారు. "డేటా యాడిదైనా ఒకటే. జపానువాళ్లు ఎక్కించినా కంబదూరులో కూచ్చోని చూడొచ్చు. గాజుసామాను లేదని ఏడ్చేపని లే," అన్నారు. ఆమెకూ అది కొత్తే. ఇంటర్నెట్లో ఉచిత పాఠాలు చూసి, మాకంటే ఒక్క పాఠం ముందుండేలా నేర్చుకునేవారు.

నా బాధ అక్కడ మొదలైంది. నాకు మొక్క అంటే ఇష్టం. ఆకు ఎలా ఊపిరి తీస్తుంది, వేరు నీటిని ఎలా వెతుక్కుంటుంది, ఇవి ఎంతసేపైనా చెప్పగలను. నస్రీన్‌కు కంప్యూటర్ లొంగిపోయింది. వేలు పెట్టి చూపిస్తే చాలు, మిగతాది తనే రాసేసేది. మేడమ్ ఆమె కుర్చీ వెనక వంగి నిలబడి, ఇది ఎందుకు రాసినావు, అది తీసేస్తే ఏమైతాది అని అడుగుతూ ఉండేవారు. నా దగ్గరికి వచ్చినప్పుడు బాగుంది అని భుజం తట్టి వెళ్లేవారు. ఆమె ప్రశ్నలన్నీ అక్కడే ఖర్చయి, నాకు మెచ్చుకోలు మాత్రం మిగిలేది. ఆ వయసులో కూడా ఆ తేడా నాకు తెలిసింది.

తర్వాత మేమిద్దరం ఎమ్మెస్సీ చేశాం, ఇద్దరం పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే జె.ఆర్.ఎఫ్. పరీక్ష రాశాం. నస్రీన్‌కు మొదటిసారే వచ్చింది. నాకు తర్వాత వచ్చింది. ఆమె పంటమొక్కల జన్యువుల మీద పీహెచ్‌డీ చేసి బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చేరింది. నేను మొక్కల శరీరధర్మం మీద చేసి, ఇక్కడి యూనివర్సిటీలోనే అధ్యాపకురాలినయ్యాను. మేమిద్దరం స్నేహితులమే. రంజానుకు నేను వాళ్లింట్లో తింటాను, ఉగాదికి ఆమె మా ఇంట్లో తింటుంది. అయినా ఆమె పేరు ఏ పత్రికలో కనబడినా, ముందు సంతోషం వచ్చిందా, ఇంకేమన్నా వచ్చిందా అని నేను చూసుకోకుండా ఉండలేను.

మేడమ్ యాభై దాటాక, ఉద్యోగంలో ఉంటూనే చేసే పద్ధతిలో పీహెచ్‌డీ చేస్తానన్నారు. కరువులో వేరుశనగ మొక్కలో ఏ జన్యువులు మేలుకుంటాయి అన్నది ఆమె అంశం. పొలాల్లో నీళ్లు కట్టిన మొక్కల నుంచీ, నీళ్లు మాన్పించిన మొక్కల నుంచీ ఎందరో తీసిపెట్టిన సమాచారం ప్రపంచమంతా ఉంది. దాన్నంతా ఒకచోట చేర్చి పోల్చి చూడాలని ఆమె కోరిక. ప్రవేశపరీక్షకు ఏం చదవాలని నన్నే అడిగారు. నేను పుస్తకాలు ఇచ్చాను. అప్పుడు నా దగ్గర పరిశోధక విద్యార్థికి ఒక సీటు ఖాళీగా ఉంది. ఆమె అడగకముందే నా ల్యాబులో కిటికీ పక్క బల్ల ఖాళీ చేయించి, తుడిపించి, మంచి కుర్చీ వేయించాను. మా మేడమ్‌కు నేను గైడునవుతున్నానని మా నాయనకు కూడా చెప్పాను.

బెంగళూరులో ఇంటర్వ్యూ అయిందనీ, నస్రీన్ దగ్గర సీటు ఖాయమైందనీ నాకు మేడమ్ తమ్ముడి భార్య ద్వారా తెలిసింది. నేరుగా వాళ్లింటికి పోయాను. మేడమ్ వరండాలో చాట ముందు పెట్టుకుని విత్తనానికి బుడ్డలు ఒలుస్తున్నారు. నాకూ ఒక గుప్పెడు పక్కన పోశారు. నేను ముట్టుకోలేదు.

"నా దగ్గర సీటు ఖాళీగా ఉండాది కదా మేడమ్," అన్నాను.

"ఉండాది. తెలుసు."

"వారం వారం రైలెక్కి పోతారా? నేను ఈడే ఉండాను కదా."

ఆమె చేతిలో ఉన్న కాయ ఒలవడం ముగించాకే నా వైపు చూశారు. "నేను వస్తే నీ ల్యాబులో నువ్వు లేచి నిలబడతావు. అవునా, కాదా?"

నేను అవునన్నాను. లేవకుండా ఎలా ఉంటాను?

"నస్రీను లేయదు. నేను రాసింది చూసి, ఇది చెత్త మేడమ్, మళ్లా రాసుకోని రాండి అంటాది. నీకు నా మీద భక్తి ఎక్కువ శైలా. నేను తప్పు చేసినా నువ్వు దిద్దవు, కప్పిపెడతావు. నాకిప్పుడు భక్తి వద్దు. నేను స్టూడెంట్ కావాల."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె చూశారు, చూసి కూడా మాట మెత్తన చేసుకోలేదు. "నీకు కుళ్లు పుడతాంది. పుట్టనీ. ఇన్నేండ్లు మీ మీద నేను కుళ్లుకున్నా. నాకేమైంది? పని చేసుకున్నా, అంతే," అన్నారు.

ఆ కిటికీ పక్క బల్లను కొత్త విద్యార్థికి ఇచ్చేశాను. ఆ కుర్చీ మాత్రం ఇవ్వలేదు.

ఆమె బెంగళూరు రాకపోకలు మొదలయ్యాయి. కాలేజీకి సెలవు ఉన్న రోజు తెల్లవారకముందే స్టేషన్‌లో ఉండేవారు. అక్కడి సంగతులు నాకు నస్రీన్ చెప్పేది, అడిగినా అడగకపోయినా. మేడమ్‌కు ప్రోగ్రామింగ్ రావడం కష్టమైంది. కుర్ర విద్యార్థుల మధ్య కూర్చుని, చుక్క ఎక్కడ పెట్టాలో కామా ఎక్కడ పెట్టాలో నేర్చుకున్నారు. నస్రీన్ నిజంగానే లేవలేదు. అందరు విద్యార్థులనూ ఎలా నిలదీసేదో ఆమెనూ అలాగే నిలదీసింది.

ఒకసారి మేడమ్‌కు అద్భుతమైన ఫలితం వచ్చింది. కరువు తగిలిన మొక్కల్లో ఒక గుంపు జన్యువులు ఒక్కసారిగా అణిగిపోయాయి. ఎవరూ ఎప్పుడూ చెప్పని సంగతి. ఒక సదస్సుకు పరిశోధన సారాంశం పంపడానికి సిద్ధమయ్యారు కూడా. నస్రీన్ మొత్తం మొదటి నుంచి చూసి, నీళ్లు కట్టిన మొక్కల పేర్లు ఒక చోట నీళ్లు లేని మొక్కల కింద పడ్డాయని పట్టుకుంది. గుర్తులు తారుమారయ్యాయి, అంతే. అణగడం లేదు, ఏమీ లేదు. అందరి ముందూ చెప్పింది. మేడమ్ బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నారట. పోయిన పనంతా మొదటి నుంచి చేశారట.

ఈ సంగతి విని నేను నస్రీన్‌తో పోట్లాడాను. పెద్దావిడ, గది తలుపు వేసి చెప్పలేకపోయావా అన్నాను. "ఆమెకు ఏం కావాలో ఆమే చెప్పినారు నాకు," అంది నస్రీన్. ఫోన్ పెట్టేశాక నాకు నిజంగా మండింది ఆ తిట్టు గురించి కాదని అర్థమైంది. అలా తిట్టడానికి నన్ను ఎంచుకోలేదని. మేడమ్ తన తప్పును నస్రీన్ చేతికి ఇచ్చారు. నాకు గౌరవం మాత్రమే దక్కింది. ఆ గౌరవాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

రిటైరైన ఏడాదిలోనే ఆమె మౌఖిక పరీక్ష జరిగింది. నేను బెంగళూరు వెళ్లాను. మేడమ్ మా ఇంటి మగ్గం మీద నేసిన చీర కట్టుకున్నారు. ముదురు ఆకుపచ్చ, సన్న అంచు. ఆ పరీక్ష కోసమే మా నాయన దగ్గరుండి నేయించాడు. ఆ రోజు ఆ గదిలో నాకంటూ ఉన్నది ఆ చీర ఒక్కటే. నస్రీన్ లేచి, తన విద్యార్థి అని పరిచయం చేసినప్పుడు, ఆ మాట నా చెవిలో చాలాసేపు గీరుకుంది.

మేడమ్ తడబడకుండా చెప్పారు. తెర మీద రంగురంగుల గళ్లు, ఎర్రగా వెలిగిన చోట కరువులో మేలుకున్న జన్యువులు. పరీక్షకుడు అడిగినవాటికి జవాబులిచ్చారు. తర్వాత సభలో ఎవరైనా అడగవచ్చు అన్నారు. నా చెయ్యి పైకి లేచింది. మంచి ఉద్దేశంతోనే లేచిందని నేను ప్రమాణం చేయలేను.

"ఇదంతా కంప్యూటర్ చెప్పింది," అన్నాను. "ఈ జన్యువులు నిజంగా మన నేలలో, మన ఎండలో, మన బుడ్డ చెట్టులో మేలుకుంటాయని మీరు చూసినారా మేడమ్?"

గదిలో కొందరు వెనక్కి తిరిగి చూశారు. నస్రీన్ ముఖం బిగుసుకుంది. మేడమ్ నా వైపు తిరిగారు. చూసి, పెద్దగా నవ్వారు. కాయ ఒలిచి ఇచ్చే రోజుల్లో కూడా నా వైపు ఆమె అలా నవ్వలేదు.

"లేదమ్మా. చూడలే. చూడాల," అన్నారు.

అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టి, దండలు వేసి, ఫోటోలు తీసుకుంటుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "ఇన్నాళ్లకు అడిగినావు," అన్నారు.

ఊరికి వచ్చిన మరుసటి వారం ఆమె మా విభాగానికి వచ్చారు. నేను లేచి నిలబడబోయి, గుర్తొచ్చి, కూర్చునే ఉన్నాను. ఎంత కష్టమైందో చెప్పలేను. డాక్టరేట్ తర్వాతి పరిశోధనకు ప్రకటనలన్నీ చూశానని, అన్నిటికీ తన వయసు దాటిపోయిందని చెప్పారు. "అందుకే నీ దగ్గరికొచ్చినా. జీతం వద్దు, పేరు వద్దు. కుండీలు పెట్టుకునేదానికి రవంత చోటు ఇయ్యి. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పాల కదా," అన్నారు. అలా మా విభాగం వెనక వల కట్టిన పందిరి కింద ఆమె కుండీలు వచ్చాయి. ఎర్రమట్టి కంబదూరు నుంచి తెప్పించారు. ఒక వరుసకు రోజూ నీళ్లు, ఒక వరుసకు మాన్పించడం. వాడిన ఆకు తీసి నా ల్యాబులో పరీక్ష చేయడం. మొదటి విడతలో నేను ఆమె కొలతల్లో తప్పు పట్టాను. కప్పిపెట్టకుండా చెప్పాను. ఆమె మళ్లీ చేశారు.

ఆ రోజుల్లోనే నస్రీన్ ఒకసారి ఫోన్ చేసి చాలాసేపు అదీ ఇదీ మాట్లాడింది. చివరికి అసలు సంగతికి వచ్చింది. మేడమ్ ఫోన్ చేయడం తగ్గించారట. చేసినా కుండీల సంగతే, శైల అట్లా అనింది, శైల ఇట్లా చేయమనింది అంటున్నారట. "నా దగ్గరుండంగా కూడా నీ గురించే చెప్తాండ్రి. చెట్టు సంగతి శైలకే తెలుసు అని. నాకు ఎట్లుంటాదో చూసుకో," అంది. గొంతు నిజంగానే కటువుగా ఉంది. నాకు ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో చెబితే మీరు నమ్మరు.

కుండీల్లో రెండో విడత మొక్కలు పూతకు వచ్చిన వారంలో మేడమ్ పోయారు.

నస్రీన్ బెంగళూరు నుంచి కారులో మధ్యాహ్నానికి వచ్చింది. కంబదూరుకు తీసుకుపోయి, వాళ్ల పొలంలోనే, వాళ్ల నాయన పక్కన మట్టి చేశారు. తమ్ముడు మమ్మల్నిద్దరినీ ముందుకు పిలిచాడు. ఇద్దరం మట్టి వేశాం. ఎవరు ముందు వేశామో నాకు గుర్తుంది, కానీ చెప్పను.

తిరిగి వస్తూ నస్రీన్ కుండీలు చూడాలంది. విభాగం వెనకకు తీసుకుపోయాను. ఆ రోజు ఎవరూ అటు రాలేదు. పొద్దు వాలుతోంది. నీళ్లు కట్టే వరుసలో కూడా మట్టి ఎండి నెర్రెలిస్తోంది. నస్రీన్ గబగబా కొళాయి దగ్గర చెంబు నింపుకొచ్చి, అందిన కుండీలో పోయబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"అది మాన్పించిన వరుస. దానికి పోయొద్దు," అన్నాను.

ఆమె వాడిపోయిన ఆ మొక్కను చూసింది. పోయకుండా నిలబడటం ఆమెకు కష్టంగా ఉంది. "ఎప్పుడు పోయాల?" అంది.

"చెప్తా. రేపు ఆకు తీసి చూస్తాను. అంకెలు నీకు పంపుతా. నువ్వు లెక్క చూడు."

"తప్పుంటే చెప్తాను," అంది.

"నేనూ చెప్తా," అన్నాను.

పక్క వరుసకు ఇద్దరం నీళ్లు పోశాం. ఎర్రమట్టి బుసబుసమని పీల్చుకుంది. వేరుశనగ ఆకు సాయంత్రమైతే రెక్కలు ముడుచుకుంటుంది. కరువు తగిలినప్పుడూ అలాగే ముడుచుకుంటుంది. నీళ్లు తాగిన వరుసలో ఆకులు ఒక్కొక్కటే జత జతగా దగ్గరికి వచ్చాయి. పక్క వరుసలోవి మేము వచ్చేసరికే ముడుచుకుని ఉన్నాయి. మేము చూస్తుండగానే వెలుతురు తగ్గింది. ఏ వరుస ఏదో గుర్తుపట్టడానికి వీల్లేకుండా, అన్ని మొక్కలూ ఒకేలా ఆకులు జోడించుకుని నిలబడ్డాయి.